45 హెచ్‌పీ ట్రాక్టర్: బోరు నీళ్లు మానేసి కూలెంట్ పోయాలంటే ఏది? డ్రమ్ములో డీజిల్ ఎలా నిల్వ పెట్టాలి?

పల్నాటి సేద్యం:

అందరికీ నమస్కారం. పిడుగురాళ్ల దగ్గర ఊరు మాది. 45 హెచ్‌పీ ట్రాక్టర్, మూడు సిలిండర్లు, టర్బో లేదు, రోటరీ డీజిల్ పంపు. షోరూమ్‌లో పోసిచ్చిన కూలెంట్ ఎప్పుడో అయిపోయింది. ఆ తర్వాత తగ్గినప్పుడల్లా పొలంలో బోరు నీళ్లే పోస్తున్నాం.

రొటోవేటర్ వేసినా, దమ్ము చేసినా మధ్యాహ్నానికి ముల్లు ఎర్ర గీత దగ్గరికి పోతోంది. చల్లారాక మూత తీసి చూస్తే నీళ్లు ఇటుకపొడి రంగులో ఉన్నాయి, మెడ దగ్గర తెల్లగా సున్నం కట్టింది. ఇంజన్ ఆయిల్ నల్లగానే ఉంది, తెల్లబడలేదు. మెకానిక్‌ని అడిగితే మన ఎండలకి కూలెంట్ అక్కర్లేదు, అది మంచు పడే దేశాల వాళ్లు వాడేది, థర్మోస్టాట్ తీసేస్తే చాలు అంటున్నాడు. షాపులో చూస్తే ఆకుపచ్చ, ఎరుపు, నీలం రంగుల్లో ఉన్నాయి. కొన్ని నీళ్లు కలిపి పోసేవి, కొన్ని డబ్బా తెరిచి నేరుగా పోసేవి. ఏది తీసుకోవాలి?

రెండోది డీజిల్ గురించి. బంకు దూరం కాబట్టి సీజన్‌లో 200 లీటర్ల డ్రమ్ములో తెచ్చి పెట్టుకుంటాం. ఈమధ్య తెల్లారి స్టార్ట్ అవ్వడానికి సతాయిస్తోంది, ఫిల్టర్ కింద గిన్నెలో నీళ్లు కనబడుతున్నాయి. ట్యాంకర్ల మీద తెచ్చి బయోడీజిల్ అని తక్కువ రేటుకి అమ్ముతున్నారు, అది పోయొచ్చా? కిరసనాయిలు కొంచెం కలిపితే స్టార్టింగ్ బాగుంటుందంటారు, నిజమేనా?

హెడ్ గాస్కెట్:

థర్మోస్టాట్ మాత్రం తీయించకండి. మీ పోస్టులో అన్నిటికంటే ప్రమాదం ఆ సలహాలోనే ఉంది.

థర్మోస్టాట్ 80 డిగ్రీల పైన మెల్లగా తెరుచుకుంటుంది. మూసి ఉన్నంతసేపు నీళ్లు బైపాస్ దారిలో ఇంజన్ లోపలే తిరుగుతాయి. చాలా ఇంజన్లలో అది పూర్తిగా తెరుచుకున్నాక ఆ బైపాస్ దారిని మూసేస్తుంది కూడా. దాన్ని పీకేస్తే బైపాస్ ఎప్పటికీ తెరిచే ఉంటుంది. హెడ్‌లోంచి వచ్చిన వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజన్‌లోకి పోతుంది. దమ్ములో, రొటోవేటర్‌లో ఇంజన్ మీద పూర్తి బరువు పడ్డప్పుడు వేడి తగ్గకపోగా పెరుగుతుంది. ట్రక్కు లాగడం లాంటి తేలిక పనిలో ఇంకో నష్టం. ఇంజన్ 60 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, డీజిల్ పూర్తిగా మండదు, మండని డీజిల్ లైనర్ (పిస్టన్ తిరిగే గొట్టం) గోడ మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది. రింగులు, లైనర్లు తొందరగా అరుగుతాయి.

అది పాడైందన్న అనుమానం ఉంటే బయటికి తీసి, గిన్నెలో నీళ్లు పోసి, దారం కట్టి అడుగు తగలకుండా వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టి కాచి చూడండి. దాని అంచు మీద కొట్టి ఉన్న డిగ్రీల దగ్గర కదలాలి, నీళ్లు మరిగేలోపు బాగా తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే అదే డిగ్రీలది కొత్తది వేయండి.

ఇక మన ఎండల్లో కూలెంట్ ఎందుకంటే, గడ్డ కట్టకుండా ఆపడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. పల్నాడులో మనకి కావలసింది అందులోని తుప్పు మందులు, పెరిగిన మరుగు వేడి. మామూలు నీళ్లు మూత లేకుండా 100 డిగ్రీలకు మరుగుతాయి. 0.9 బార్ ఒత్తిడి ఆపే మూత బిగువుగా పనిచేస్తే 118 దాకా ఆగుతాయి. సగం ఇథిలీన్ గ్లైకాల్, సగం నీళ్లు ఉన్న కూలెంట్ మూత లేకుండానే 107 దాకా, ఆ మూతతో 125 పైదాకా మరగదు. రెంటచింతల ఎండలో దమ్ము చేసే బండికి ఈ తేడా చిన్నది కాదు.

మీ బండి వేడెక్కడానికి అసలు కారణం చాలామటుకు ఆ సున్నమే. మీది సున్నపురాయి నేల. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడి తగలగానే విడిపోయి పొరగా అతుక్కుంటాయి. అదీ ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే, అంటే హెడ్‌లో వాల్వుల మధ్య సందుల్లో, లైనర్ పైభాగం చుట్టూ. ఆ పొర పోత ఇనుము కన్నా ఇరవై రెట్లకు పైగా తక్కువగా వేడిని దాటనిస్తుంది. గమనించాల్సింది ఏంటంటే మీటరు ముల్లు చూపించేది నీళ్ల వేడి, ఇనుము వేడి కాదు. సున్నం పట్టిన ఇంజన్‌లో ముల్లు మధ్యలో ఉండగానే హెడ్ పగలొచ్చు. తగ్గినప్పుడల్లా పోసే ప్రతి లీటరు బోరు నీళ్లతో కొత్త సున్నం లోపలికి పోతుంది. పాతది ఎటూ పోదు.

రంగు చూసి కొనొద్దు. ఆ రంగు కంపెనీ కలిపే అద్దకం, అంతే. ఒక కంపెనీ ఆకుపచ్చలో ఉన్న మందు ఇంకో కంపెనీ ఎరుపులో ఉండొచ్చు. డబ్బా వెనక చదవండి. ఇథిలీన్ గ్లైకాల్ అని రాసి ఉండాలి, ఐఎస్ 5759 లాంటి ప్రమాణం నంబరు ఉండాలి. గ్లైకాల్ ఎంత శాతమో రాయకుండా, ప్రమాణం లేకుండా "రేడియేటర్ కూలెంట్" అని మాత్రమే ఉన్న చవక డబ్బాలు రంగు నీళ్లతో సమానం.

మందుల్లో స్థూలంగా రెండు జాతులు. సిలికేట్, ఫాస్ఫేట్, నైట్రైట్ లాంటివి ఉండే పాత రకం ఐఏటీ, సుమారు రెండేళ్లు పనిచేస్తుంది. సేంద్రియ ఆమ్లాలతో చేసే ఓఏటీ ఐదేళ్ల దాకా వస్తుంది. రెండూ కలిపి చేసిన హైబ్రిడ్లు కూడా ఉన్నాయి. ఒకదానిలో ఇంకోటి పోస్తే వెంటనే ఇంజన్ ఏమీ కాదు గానీ రెండిటి మందులూ పలచబడి బలం పోతుంది, కొన్ని జతల్లో జిగురులాగా విడిపోయి రేడియేటర్ గొట్టాల్లో కూర్చుంటుంది. ఏ జాతితో మొదలుపెడితే దానితోనే ఉండండి.

డీజిల్ ఇంజన్‌కి అదనంగా ఒక విషయం ఉంది. ట్రాక్టర్లలో చాలావాటికి తడి లైనర్లు, అంటే లైనర్ బయటి గోడకి నీళ్లు నేరుగా తగులుతాయి. పిస్టన్ దెబ్బకి లైనర్ కంపిస్తుంది, ఆ కంపనకు గోడ పక్కన చిన్న ఆవిరి బుడగలు పుట్టి పగులుతాయి. పగిలిన ప్రతిసారీ ఇనుములోంచి కొంచెం కొంచెం పెకలిస్తాయి. సూదితో పొడిచినట్టు గుంటలు పడి, చివరికి లైనర్ చిల్లుపడి నీళ్లు ఆయిల్‌లోకి దిగుతాయి. నైట్రైట్, మాలిబ్డేట్ లాంటి మందులు గోడ మీద పలుచని పొర కట్టి దీన్ని ఆపుతాయి. కాబట్టి కార్ల కూలెంట్ కాకుండా హెవీ డ్యూటీ డీజిల్ ఇంజన్లకు అని రాసినది తీసుకోండి. డబ్బా మీద ఏఎస్‌టీఎం డీ 6210 అని ఉంటే ఈ రక్షణ అందులోనే ఉన్నట్టు. డీ 4985 అని ఉంటే ఆ మందు విడిగా కొని కలపాలి. మీ మాన్యువల్‌లో కంపెనీ పేరు పెట్టి చెప్పిన కూలెంట్ ఉంటే అన్నిటికంటే అదే మేలు.

నీళ్లు కలిపేదా, నేరుగా పోసేదా అన్నది లోపల ఎంత నీళ్లు మిగిలాయన్న దాన్ని బట్టి ఉంటుంది. మీ తరగతి ట్రాక్టర్లకు మొత్తం 8 నుంచి 10 లీటర్ల దాకా పడుతుంది. కింద రేడియేటర్ కాక్ ఒక్కటే విప్పితే బ్లాకులో నీళ్లు ఉండిపోతాయి. బ్లాకు పక్కన ఇంకో డ్రెయిన్ ప్లగ్ ఉంటుంది, దాన్నీ విప్పాలి. అయినా లోపల లీటరో రెండో మిగులుతుంది. 10 లీటర్ల సిస్టమ్‌లో 2 లీటర్లు మామూలు నీళ్లు మిగిలాయనుకోండి. నేరుగా పోసే 50 శాతం కూలెంట్ 8 లీటర్లు పోస్తే చివరికి 40 శాతమే అవుతుంది. అందుకని కడిగాక మొదటిసారి నీళ్లు కలపని కాన్సన్‌ట్రేట్ కొనండి. ముందు 5 లీటర్లు అదే పోసి, మిగతాది డీమినరలైజ్డ్ నీళ్లతో నింపండి. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ సరిపోతుంది. తర్వాత తగ్గినప్పుడు పోయడానికి మాత్రం అదే కంపెనీ రెడీమిక్స్ ఒక లీటర్ డబ్బా బండిలో పెట్టుకోండి.

చిక్కగా ఉంటే మంచిదని మొత్తం కాన్సన్‌ట్రేటే పోయకండి. వేడిని మోసుకెళ్లేది ప్రధానంగా నీళ్లే, గ్లైకాల్ పెరిగే కొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. మన దగ్గర 40 నుంచి 50 శాతం చాలు. 30 కంటే దిగితే మందులు చాలవు.

కోత మిషన్ సర్వీస్:

పైన చెప్పినవి సరే, కానీ కూలెంట్ కొనేముందు వరుసగా చూడాల్సినవి కొన్నున్నాయి. ఎందుకంటే బయట తప్పు ఉంటే ఎంత ఖరీదైన కూలెంట్ పోసినా ముల్లు దిగదు.

రేడియేటర్ ముందు జాలీ, దాని వెనక రెక్కల సందులు చూడండి. మిరప, పత్తి మోళ్లలో రొటోవేటర్ తిప్పాక అక్కడ పొట్టు, దుమ్ము, పైన కారిన ఆయిల్ కలిసి మెత్తినట్టు పట్టేస్తుంది. ఇంజన్ వైపు నుంచి బయటికి గాలి కొట్టాలి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది. ప్రెజర్ వాషర్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి, మామూలు పైపుతో చాలు. దమ్ము సీజన్‌లో బురద చిమ్ముతుంది కాబట్టి పని ఉన్న ప్రతి రోజూ కడగాలి.

ఫ్యాన్ బెల్ట్‌ని రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే 10 నుంచి 15 మిల్లీమీటర్లు దిగాలి. అంతకంటే దిగితే జారుతున్నట్టే. లోపలి అంచులు అద్దంలా మెరుస్తుంటే బిగించినా లాభం లేదు, మార్చండి.

మూత ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి. వేడి మీద తీస్తే లోపల ఒత్తిడి ఒక్కసారిగా పోయి, 100 దాటి ఉన్న నీళ్లు ఆవిరై మొహం మీదికి ఎగదన్నుతాయి. మూత కింద రబ్బరు వాచరు చీలినా, గట్టిపడినా పారేయండి. మధ్యలో ఉన్న చిన్న వాల్వు వేలితో లాగితే కదలాలి. బండి చల్లారాక పై హోస్ నొక్కుకుపోయి కనిపిస్తోందంటే ఆ వాల్వు ఇరుక్కుపోయిందని అర్థం. మాన్యువల్‌లో ఉన్న ఒత్తిడి మూతే వేయండి, ఎక్కువది వేస్తే పాత రేడియేటర్ అతుకులు విడిపోతాయి.

తర్వాత ఇంజన్ నడుస్తుండగా, ఇంకా చల్లగా ఉన్నప్పుడే మూత తీసి లోపల నీళ్లు చూడండి. రేస్ ఇచ్చినప్పుడల్లా బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్ లోంచి కంప్రెషన్ దాటుతోంది. అలాంటప్పుడు కడగడం, కూలెంట్ అన్నీ పక్కన పెట్టి ముందు హెడ్ విప్పాల్సిందే.

హెడ్ గాస్కెట్:

అవును, ఈ వరుసే సరైనది. బుడగలు లేకపోతే లోపల కడగడం ఇలా:

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రెండు డ్రెయిన్లూ విప్పి ఖాళీ చేయండి. మూసి, మామూలు నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి నింపండి. 10 లీటర్లకి 300 నుంచి 500 గ్రాములు. బాగా సున్నం ఉంటే 500. థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడపాలి, లేకపోతే మందు రేడియేటర్‌లోకి పోదు. పై హోస్ వేడెక్కాక స్లోలో అరగంట ఉంచి, ఆపి, చల్లారాక వదలండి. మామూలు నీళ్లతో నింపి పది నిమిషాలు నడిపి వదలడం, నీళ్లు తేటగా వచ్చేదాకా. చివరిసారి నీళ్లు డిస్టిల్డ్ వాటర్ అయితే మంచిది. ఒక్కసారికి సున్నం మొత్తం పోదు, అవసరమైతే రెండోసారి చేయండి గానీ మొదటిసారే మందు ఎక్కువ వేయకండి.

బాత్‌రూమ్ కడిగే యాసిడ్ ఎవరు చెప్పినా పోయొద్దు. అది సున్నంతో పాటు అల్యూమినియం భాగాల్ని, రేడియేటర్ టాంకాల్ని తినేస్తుంది. ఇంకో హెచ్చరిక: ఏళ్ల సున్నం కొన్ని చిల్లుల్ని మూసి పెట్టి ఉంటుంది. కడిగాక రేడియేటర్ కారడం మొదలైతే అది కొత్త చిల్లు కాదు. అతికించుకోండి లేదా కోర్ మార్చండి. ఆవ పొడి, పసుపు, లీక్ ఆపే పౌడర్లు వేస్తే అవి ఇప్పుడే కడిగిన గొట్టాల్లోనే పేరుకుంటాయి.

కూలెంట్ నింపేటప్పుడు మెల్లగా పోయండి. గాలి బయటికి పోయే స్క్రూ ఉంటే విప్పి ఉంచండి. మూత పెట్టకుండా స్లోలో నడిపి, థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం ఒక్కసారి పడిపోతుంది, అప్పుడు నింపి మూత బిగించండి. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు మళ్లీ చూడండి.

వదిలిన కూలెంట్‌ని కాలువలోకి, చేలోకి వదలొద్దు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, గేదెలు, కుక్కలు, పిల్లలు నోట పెడితే కిడ్నీలు పోతాయి, ప్రాణమే పోవచ్చు. మూత ఉన్న డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ తీసుకునే వాళ్లకి ఇవ్వండి.

నాజిల్ టెస్టింగ్ బెంచ్:

డీజిల్ సంగతి నేను చెప్తాను. ముందు కిరసనాయిలు: ఒక్క చుక్క కూడా వద్దు. మీది రోటరీ పంపు. ఆ పంపు లోపల కదిలే ప్రతి భాగానికీ ఆయిల్ డీజిలే, వేరే ఆయిల్ రాదు. కిరసనాయిలు పలచన, జారుడు తక్కువ. దాంతో పంపు హెడ్, రోటరు గీతలు పడతాయి. ఒకసారి గీత పడితే ఒత్తిడి లీకై స్టార్టింగ్ ఇంకా కష్టమవుతుంది, ముఖ్యంగా ఇంజన్ వేడి మీద ఆపి మళ్లీ తీసినప్పుడు. పంపు హెడ్ మార్చే ఖర్చు ముందు మిగిలిన డీజిల్ డబ్బు ఎక్కడా కనబడదు. సీటేన్ (డీజిల్ ఎంత తొందరగా అంటుకుంటుందో చెప్పే అంకె) కూడా తగ్గుతుంది కాబట్టి మండటం ఆలస్యమై ఇంజన్ కొట్టుకుంటుంది. స్టార్టింగ్ బాగుంటుందన్నది గడ్డకట్టే చలి ఉన్నచోట డీజిల్‌లో మైనం పేరుకోకుండా ఉండటానికి చేసిన పాత పద్ధతి. పల్నాడులో ఆ అవసరమే రాదు.

2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బంకుల్లో అమ్మేది బీఎస్-6 డీజిలే. గంధకం కిలోకి 10 మిల్లీగ్రాములకు మించదు, సీటేన్ కనీసం 51, జారుడు గుణానికీ ఐఎస్ 1460లో పరిమితి ఉంది. గంధకం తగ్గించడంలో పోయే జారుడు రిఫైనరీలోనే మందు కలిపి సరిచేస్తారు. కాబట్టి పాత పంపులకి ఆ డీజిల్ చాలదని, 2టీ ఆయిల్ కలపాలని చెప్పే మాట పట్టించుకోవద్దు. ప్రీమియం డీజిల్‌లో నాజిల్ శుభ్రంగా ఉంచే మందు ఉంటుంది. పోస్తే నష్టం లేదు, కానీ డ్రమ్ములో నీళ్లు ఉన్నంతకాలం దాని వల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

బయోడీజిల్: బంకు డీజిల్‌లో 7 శాతం దాకా బయోడీజిల్ కలపడానికి ఐఎస్ 1460 ఒప్పుకుంటుంది. ఆ కలిపే బయోడీజిల్‌కి విడిగా ఐఎస్ 15607 అనే ప్రమాణం ఉంది. 2019లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు కూడా డీజిల్‌లో కలపడానికి అమ్మడం గురించే. ట్యాంకర్లో తెచ్చి బయోడీజిల్ అని పోసేదానిలో ఏముందో మీకు తెలిసే దారే లేదు. నిజంగా బయోడీజిలే అయినా, పూర్తిగా అదే పోస్తే పాత రబ్బరు పైపులు, సీళ్లు మెత్తబడి ఉబ్బుతాయి. ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కరిగించి ఫిల్టర్లు వరుసగా మూసేస్తుంది. డీజిల్ కంటే ఎక్కువగా తేమ పీలుస్తుంది, నిల్వ ఉంటే పులుస్తుంది. వద్దు.

మీ అసలు సమస్య నీళ్లు, అవి డ్రమ్ము నుంచే వస్తున్నాయి. డ్రమ్ము ఎలా పెడుతున్నారో చెప్పలేదు గానీ, ఎక్కువమంది నిలబెట్టి ఆరుబయట ఉంచుతారు. పగలు ఎండకి లోపలి గాలి వ్యాకోచించి బిరడా సందుల్లోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే లోపలికి లాగుతుంది. పై మూత మీద వాన నీళ్లు, మంచు నిలిచి ఉంటే ఆ నీళ్లే బిరడా మరల్లోంచి లోపలికి దిగుతాయి. బిరడా ఎంత బిగించినా ఇది జరుగుతుంది. అందుకని:

డ్రమ్ముని నీడలో, చెక్కల మీద పడుకోబెట్టండి. రెండు బిరడాలూ ఒకే అడ్డగీతలో, ఎడమా కుడీ వచ్చేలా తిప్పితే రెండూ లోపలి డీజిల్‌తో తడిసి ఉంటాయి, గాలి లాగదు. వాడే డ్రమ్ముని మాత్రం ఒకరోజు ముందు నిలబెట్టండి, అడుగున నీళ్లు, మడ్డి దిగాలి. చేతి పంపు గొట్టం అడుగుకి 5 నుంచి 7 సెంటీమీటర్లు పైన ఉండేలా కోయండి. అడుగున మిగిలింది ట్రాక్టర్లో పోయొద్దు. జస్తా పూసిన డ్రమ్ము, బకెట్టు, రాగి గొట్టం వాడొద్దు, అవి డీజిల్‌తో చర్య జరిపి జిగురు పుట్టిస్తాయి. మామూలు ఇనుప డ్రమ్ము గానీ మందపాటి ప్లాస్టిక్ డ్రమ్ము గానీ మంచిది. పురుగు మందు డ్రమ్ము కడిగినా పనికిరాదు.

నీళ్లు ఉన్నాయో లేవో చూడటానికి బంకుల్లో వాడే వాటర్ పేస్టు దొరుకుతుంది. కర్ర చివర రాసి అడుగుకి ముంచితే నీళ్లు తగిలినంత మేర రంగు మారుతుంది. అది లేకపోతే అడుగు నుంచి గాజు సీసాలోకి పట్టి వెలుతురులో చూడండి. తేటగా మెరవాలి. మసకగా ఉంటే నీళ్లు కలిసిపోయాయి. నీళ్లకీ డీజిల్‌కీ మధ్య నల్లటి జిగట పొర ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతున్నట్టు. ఆ డ్రమ్ము మొత్తం ఖాళీ చేసి కడిగి ఆరబెట్టాల్సిందే, లేకపోతే ఎన్ని ఫిల్టర్లు మార్చినా మూసుకుపోతూనే ఉంటాయి. ఒక సీజన్ కోసం తెచ్చింది ఆ సీజన్‌లోనే వాడేయండి, వచ్చే పంట దాకా ఉంచొద్దు.

సాయంత్రం పని అయ్యాక ట్యాంకు నింపి పెట్టండి. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి తేమ గోడలకి పట్టి లోపలికి కారుతుంది. ఉదయం స్టార్ట్ చేసేముందు ఫిల్టర్ కింద స్క్రూ విప్పి తేట డీజిల్ వచ్చేదాకా వదలండి. మీది ఇప్పటికే నీళ్లు తాగింది కాబట్టి ట్యాంకు అడుగు ప్లగ్ విప్పి కడిగి, రెండు ఫిల్టర్లూ మార్చండి.

నిప్పు గురించి ఒక్క మాట. ఐఎస్ 1460 ప్రకారం డీజిల్ ఫ్లాష్ పాయింట్ (ఆవిరి నిప్పు అందుకునే వేడి) 35 డిగ్రీలు ఉన్నా చాలు. మన వేసవి అది దాటుతుంది. ఎండలో వేడెక్కిన డ్రమ్ము మూత తీస్తే నిప్పు అందుకునే ఆవిరి ఉంటుందనే అనుకోవాలి. దగ్గర్లో బీడీ, వెల్డింగ్, గడ్డివాము ఉండకూడదు. పెట్రోలియం చట్టం ప్రకారం మొత్తం 2500 లీటర్ల లోపు, ఒక్కో పాత్ర 1000 లీటర్లకు మించకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు, కాబట్టి మీ డ్రమ్ము వరకు ఇబ్బంది లేదు.

పల్నాటి సేద్యం:

అందరికీ చాలా థాంక్స్. డ్రమ్ము నిలబెట్టే ఉంచుతున్నాం, మీరు చెప్పినట్టే పైన నీళ్లు నిలుస్తాయి. ఇంకో మూడు అడుగుతాను. ఫిల్టర్లు మార్చాక గాలి తీయడం ఎలా? బంకులో డీజిల్ కల్తీ ఉందో లేదో మనమే ఎలా చూసుకోవాలి? మా బావ లారీ బీఎస్-6ది, దానికి డీఈఎఫ్ (పొగను శుభ్రం చేయడానికి వాడే యూరియా ద్రవం) కూడా పోయాలి. ఆయన యూరియా నీళ్లలో కలిపి పోస్తే సరిపోతుంది కదా అంటున్నాడు, ఇంట్లో బస్తాలు ఉన్నాయి కాబట్టి.

నాజిల్ టెస్టింగ్ బెంచ్:

గాలి తీయడం: కొత్త ఫిల్టర్లని వీలైతే శుభ్రమైన డీజిల్‌తో నింపి బిగించండి. ట్యాంకు కాక్ తెరవండి. మొదటి ఫిల్టర్ మీది బ్లీడ్ స్క్రూ రెండు మరలు వదులు చేసి, చేతి ప్రైమర్ కొడుతూ ఉండండి. ముందు నురగ, తర్వాత బుడగలు, ఆపైన బుడగ లేని ధార వస్తుంది. ధార వస్తుండగానే స్క్రూ బిగించండి, ఆపాక బిగిస్తే గాలి లోపలికి లాగుతుంది. తర్వాత రెండో ఫిల్టర్, ఆ తర్వాత పంపు మీది స్క్రూ, ఇదే వరుస. అయినా స్టార్ట్ కాకపోతే నాజిల్ దగ్గర పైపు నట్లు అర మర వదులు చేసి సెల్ఫ్ కొట్టండి, డీజిల్ చిమ్మగానే బిగించండి. సెల్ఫ్ ఒకేసారి పది పదిహేను సెకన్లకు మించి కొట్టొద్దు, మధ్యలో నిమిషం ఆపండి. ఆ పైపుల దగ్గర చెయ్యి, మొహం పెట్టొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనబడినా వెంటనే ఆసుపత్రికి పోవాల్సిందే.

ఇది చదివే మిగతా వాళ్లకి: నట్లు వదులు చేసే పని పాత మెకానికల్ పంపులకి మాత్రమే. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకి ట్రెమ్-4 పొగ నిబంధనలు వచ్చాక వాటిలో కామన్ రైల్ ఇంజన్లు (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే రైలు గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ ఇచ్చేవి) వస్తున్నాయి. వాటి పైపులు ఎట్టి పరిస్థితిలోనూ విప్పొద్దు, ఒత్తిడి వెయ్యి బార్ దాటి ఉంటుంది. వాటికి నీళ్లు కలిసిన డీజిల్ ఒక్క ట్యాంకు పోసినా ఇంజెక్టర్ల సెట్టు పోవచ్చు.

బంకులో కల్తీ: ఫిల్టర్ పేపర్ మీద చుక్క వేసి చూసే పరీక్ష పెట్రోలుకి. డీజిల్ ఆవిరవదు కాబట్టి మరక ఎప్పుడూ మిగులుతుంది, దాంతో ఏమీ తేలదు. డీజిల్‌కి డెన్సిటీ చూడాలి. ఆ రోజు 15 డిగ్రీల దగ్గరి డెన్సిటీ బంకులో రాసి ఉంటుంది. హైడ్రోమీటర్, థర్మామీటర్, జాడీ అడిగితే ఇవ్వాలి. జాడీలో పట్టి రెండూ ముంచి చదివి, వాళ్ల దగ్గరున్న పట్టికలో 15 డిగ్రీలకి మార్చుకోవాలి. ఒక్కో డిగ్రీకి డెన్సిటీ (ఘనపు మీటరుకి కిలోల్లో) సుమారు 0.7 మారుతుంది. అంటే 35 డిగ్రీల దగ్గర 816 చదివితే 15 డిగ్రీల దగ్గర అది 830. రాసిన దానికీ మీకు వచ్చిన దానికీ 3 కంటే ఎక్కువ తేడా ఉంటే పోయించుకోకండి, బిల్లు పెట్టుకుని ఫిర్యాదు రాయండి. కిరసనాయిలు కలిస్తే డెన్సిటీ పడిపోతుంది. కొలత మీద అనుమానం ఉంటే 5 లీటర్ల ముద్ర కొలతలో పట్టి చూపించమనే హక్కు మీకుంది.

కోత మిషన్ సర్వీస్:

డీఈఎఫ్ గురించి నేను చెప్తాను. బస్తా యూరియా పోయొద్దని మీ బావగారికి గట్టిగా చెప్పండి. డీఈఎఫ్‌లో యూరియా 32.5 శాతం, మిగతాది లవణాలు తీసేసిన నీళ్లు. ఐఎస్‌వో 22241 ప్రకారం అందులో బైయూరెట్ (యూరియా తయారీలో పుట్టే మలినం) 0.3 శాతం మించకూడదు. ఎరువుల యూరియాలో 1.5 శాతం దాకా ఉండొచ్చు. పైగా 2015 నుంచి దేశంలో ఎరువుల యూరియా అంతా వేప నూనె పూసినదే. ఆ నూనె, బైయూరెట్, బోరు నీళ్ల కాల్షియం కలిసి డోసింగ్ నాజిల్‌ని తెల్లటి గడ్డలతో మూసేస్తాయి, పొగను శుభ్రం చేసే ఎస్‌సీఆర్ క్యాటలిస్ట్‌ని చంపేస్తాయి. అప్పుడు బండి తనంతట తానే పికప్ తగ్గించుకుంటుంది. క్యాటలిస్ట్ ధర ముందు ఏళ్ల తరబడి కొనే డీఈఎఫ్ ధర చిన్నదే. సబ్సిడీ యూరియాని ఇలా వాడటం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద నేరం కూడా.

డీఈఎఫ్ డబ్బా నీడలో పెట్టాలి. 30 డిగ్రీల దగ్గర ఏడాది ఉంటుంది, 35 దగ్గర ఆరు నెలలే. డబ్బా మీద తయారీ తేదీ చూసి కొనండి. డీజిల్ పోసిన గరాటు దానికి వాడొద్దు. పొరపాటున డీఈఎఫ్ డీజిల్ ట్యాంకులో పడితే తాళం కూడా ఆన్ చేయొద్దు, ఆన్ చేయగానే ఫీడ్ పంపు తిరిగి అది రైల్ దాకా పోతుంది. బండిని తోయించి పక్కకి పెట్టి ట్యాంకు మొత్తం దింపించండి.

హెడ్ గాస్కెట్:

సేద్యం గారూ, ఒకటి మిగిలింది. కూలెంట్ పోశాక వారం వారం చల్లగా ఉన్నప్పుడు మట్టం చూడండి. బయట ఎక్కడా తడి లేకుండా తగ్గుతూ ఉంటే ఆయిల్ గేజ్ కర్ర మీద చూడండి, ఆయిల్ మట్టం పెరిగినా కాఫీ రంగుకి తిరిగినా బండి ఆపేయండి. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ కారుతుంటే పంపు సీలు పోయినట్టు. దాన్ని మూయొద్దు, పంపు మార్చండి. కూలెంట్ ఏ తేదీన, ఇంజన్ గంటల మీటరు ఎంత ఉన్నప్పుడు పోశారో, ఏ రకమో రేడియేటర్ పక్కన పెయింటుతో రాసి పెట్టండి. తర్వాత ఎవరు మూత తీసినా వేరే రకం కలపకుండా ఉంటారు.